అలివి వల వాళ్ళ ఫుట్‌బాల్ జట్టు

మొన్న ఆదివారం తడ నుంచి మా అల్లుడు వచ్చాడు. అక్కడ ఫ్యాక్టరీలో సూపర్‌వైజరు. పొద్దస్తమానం కిందివాళ్ళ మీద కేకలు వేసే ఉద్యోగం కనుక ఇంట్లో కూడా గొంతు కాస్త పెద్దదే. కాళ్ళు కడుక్కుని అరుగు మీద కూర్చున్నాడో లేదో, మా వీధిలో రొయ్యల మేత అమ్మే అతని స్నేహితుడు వచ్చి పక్కన చేరాడు. ఇద్దరికీ నలభై దాటాయి, ఇద్దరికీ బొజ్జలు వచ్చాయి. చెరో ఫోనూ పట్టుకుని, తలలు దగ్గర పెట్టుకుని అంతలా వాదించుకుంటుంటే ఏదో పెళ్ళి సంబంధం చూస్తున్నారనుకున్నాను. కాదట, ఫుట్‌బాల్ జట్టు కడుతున్నారట.

మన వయసు వాళ్ళకు ఇది కొంచెం విడమరచి చెప్పాలి. ప్రపంచంలో ఇప్పుడు పేరు మోసిన ఆటగాళ్ళందరి బొమ్మలూ ఫోనులో ఉంటాయి. వాళ్ళలోంచి పదకొండు మందిని ఏరుకుంటే అది మన జట్టు అవుతుంది, దాన్ని ఫాంటసీ టీమ్ అంటారు. ఆ మహానుభావులు ఎక్కడో విదేశాల్లో ఎవరి క్లబ్బుకు వాళ్ళు ఆడుకుంటుంటే, వాళ్ళు కొట్టిన గోల్స్‌ను బట్టి ఇక్కడ అరుగు మీద కూర్చున్న మా అల్లుడికి పాయింట్లు పడతాయి. ఆ పదకొండు మంది కలిసి ఒక్కనాడు కూడా ఒకే మైదానంలో నిలబడరు, ఒకడి మొహం ఒకడు చూసుకోనక్కరలేదు. దీన్ని జట్టు అంటారట!

కళ్ళజోడు పెట్టుకుని చూశాను. ముందు వరస నిండా మొనగాళ్ళే. నడుమ ఆడేవాళ్ళు కూడా అసలు ముందు ఆడే ఫార్వర్డులే, ఫోను వాళ్ళను ఏ వరసలో చూపిస్తే ఆ వరసలో ఇరికించాడు అల్లుడు. గోలు కాసే గోలీ, వెనక అడ్డుకునే బ్యాకులు ముగ్గురు తప్పనిసరి అని ఆ ఫోనే పట్టుబట్టింది కాబట్టి సరిపోయింది గానీ, లేకపోతే గోలు ముందు ఖాళీగా వదిలేసేవాళ్ళే. గోలీగా ఎవరిని పెట్టావయ్యా అని అడిగాను.

"ఎవడో ఒకడు మామా, రేటు తక్కువోడు. వాడు ఆడతాడో లేదో కూడా తెలీదు."

మేత అమ్మే అతను నవ్వాడు. "పెద్దాయనా, ఆపేవోడికి పాయింట్లు ఏం వస్తాయి? కొట్టేవోడికి గదా!"

నేను లేచి లోపలికి వచ్చేశాను. నేను బడిలో చదివింది మూడో తరగతే. ఆ తరవాత చదువంతా ఎండుచేపలు చుట్టే పాత పేపర్ల మీద, టీ అంగడి రేడియో ముందు సాగింది. ఫుట్‌బాల్ గురించి తెలుగులో అచ్చయిన ముక్క ఏది నా కంట పడినా వదల్లేదు. అయినా ఆ ఇద్దరితో వాదనకు దిగకుండా వచ్చేశానంటే, వాళ్ళు అన్న మాట నేను కుర్రతనంలోనే ఒకసారి విన్నాను కనుక. అప్పుడు అన్నది వీళ్ళలాంటి బొజ్జ మనుషులు కాదు, ఇస్త్రీ చొక్కా తొడుక్కున్న నెల్లూరు పెద్దమనిషి. ఆ మాటతో ఒక జట్టు చచ్చిపోయింది.

మాది మైపాడు దగ్గర సముద్రపు పాళెం. ఆ రోజుల్లో ఒడ్డు నుంచి అలివి వల లాగేవాళ్ళం. తెలియని వాళ్ళకు చెబుతాను. వల తాడు ఒక కొస ఒడ్డున కొందరి చేతుల్లో పెట్టి, పడవ మీద వల తీసుకుని సముద్రంలోకి వెళ్ళి, అర్ధచంద్రాకారంలో వదులుకుంటూ వచ్చి, రెండో కొసను దూరంగా ఇంకో గుంపుకు అందిస్తారు. రెండు గుంపులూ లాగుతూ, వల దగ్గరపడే కొద్దీ అడుగడుగునా ఒకరి వైపు ఒకరు జరుగుతూ, చివరకు భుజం భుజం తగిలేంత దగ్గరకు వచ్చేస్తారు. ఒక గుంపు బలం చూపిద్దామని ముందు లాగేసిందంటే వల వంకర తిరిగి చేప జారిపోతుంది. అన్నిటికంటే వెనక, వల సంచి దగ్గర, మెడలోతు నీళ్ళలో ఒక మనిషి ఉంటాడు. సంచి మూతి బిగించి పట్టడం ఆయన పని. ఒడ్డున ఉన్నవాళ్ళకు ఆయన తల తప్ప ఏమీ కనబడదు.

ఈ వలకు పెద్ద మా మేనమామ. మా ఫుట్‌బాల్ జట్టు కట్టిందీ ఆయనే. జట్టు కట్టాలంటే బంతి తన్నించి చూడాలని ఆయనకు తోచలేదు, తాడు దగ్గర చూసేవాడు. ఎవరు ఎంత బలంగా లాగుతున్నారన్నది ఆయనకు పట్టేది కాదు.

"వాడెంత లాగుతుండాడని గాదురా అబ్బయా, పక్కోడు అలిసిపోయినప్పుడు వీడేం చేస్తుండాడో అది జూడాల" అనేవాడు.

అట్లా చూసి చూసి, సంచి దగ్గర నిలబడే మా పెదనాన్న కొడుకును గోలీగా పెట్టాడు. ఆ అన్న పట్టుమని పది అడుగులు పరిగెత్తలేడు, కానీ అల ఎటు నుంచి వచ్చి తగులుతుందో వీపుతో తెలుసుకునే మనిషి. కుడి అంచు వెంట పరిగెత్తే వింగులో తన సొంత కొడుకు, అంటే మా బావ. తడి ఇసుకలో కుక్కలు కూడా అతణ్ణి అందుకోలేకపోయేవి. నడుమ, పొద్దున తాడు పట్టి ఆనక చర్చి పక్కన కుట్టుమిషను తొక్కే దర్జీ అన్న. ఆయన జన్మలో గోల్ కొట్టలేదు, కొట్టాలన్న ఆశా లేదు. తలెత్తకుండానే బావ ఎక్కడున్నాడో ఆయనకు తెలిసేది, బంతి అక్కడికి చేరేది. నేను ఎడమ బ్యాకు. అందరికీ ముందు వరసలోనే ఆడాలని ఉండేది, నాకూ ఉండేది. మేనమామ ముందు ఆ మాట ఎత్తే ధైర్యం మాత్రం ఎవరికీ లేదు.

నెల్లూరులో ఏటా పెద్ద పోటీ జరిగేది. అందులోకి సముద్రపు పాళేల వాళ్ళను రానిచ్చేవాళ్ళు కారు. బూట్లు లేవనేవాళ్ళు, ఆట పద్ధతి తెలియదనేవాళ్ళు. మేనమామ బస్సెక్కి ఆ సంఘం కార్యదర్శి చుట్టూ తిరిగీ తిరిగీ ఒక మాట తెచ్చుకున్నాడు. టౌను జట్టు మా ఊరొచ్చి ఆడుతుంది, మేం గెలిస్తే వచ్చే ఏడు పోటీలో మా పాళెం పేరు ఉంటుంది. ఆ ఒక్క పేరు కోసం ఆయన ఆ నెల పొగాకు కూడా మానేశాడు. ఎవరికి మొక్కుకున్నాడో చెప్పలేదు.

ఆ రోజు ఆట చూడటానికి ఇందుకూరుపేట నుంచి కూడా జనం వచ్చారు. టౌను వాళ్ళు తెల్ల మేజోళ్ళు వేసుకుని దిగారు. మేం ఉత్త కాళ్ళతో దిగాం. బంతి మా గోలు వైపు వచ్చినప్పుడల్లా ఒక వింత జరిగేది. అటు పక్కవాళ్ళూ ఇటు పక్కవాళ్ళూ ఒకరి వైపు ఒకరు జరిగి జరిగి, అందరం నడిమధ్యకు చేరిపోయేవాళ్ళం. ఎవరూ చెప్పలేదు, కాళ్ళే అట్లా పోయేవి. పుట్టినప్పటి నుంచి వల దగ్గరపడుతుంటే దగ్గరకు జరగడమే నేర్చిన కాళ్ళు మరి! రెండు పక్కలా మైదానం ఖాళీ. టౌను కుర్రాడొకడు తీరిగ్గా పక్క నుంచి వచ్చి గోల్ కొట్టేశాడు. అప్పటికే మా గోలీ అన్న ఒంటి చేత్తో ఎన్ని ఆపాడో.

సగం ఆట అయ్యాక మేనమామ మమ్మల్ని తిట్టలేదు. ఇసుకలో మా అడుగుల జాడలన్నీ నడిమధ్యకే పోవడం చూసి ఉన్నట్టుండి నవ్వాడు. రెండో సగం మొదలైనప్పటి నుంచి గీత వెంట పరిగెడుతూ ఒకటే కేక.

"వల ఇప్పుడే పడిందిరో! ఇంకా దగ్గరపళ్ళా! దూరంగా నిలబడండిరా నాయనా, వల ఇప్పుడే పడింది!"

టౌను వాళ్ళు పగలబడి నవ్వారు. పాళెం పెద్దాయనకు మతి పోయిందన్నారు. మాకు మాత్రం ఆ కేక నేరుగా కాళ్ళకు అందింది. ఎక్కడి వాళ్ళం అక్కడ దూరంగా నిలబడిపోయాం. ఇక వాళ్ళకు దారి దొరకలేదు. దర్జీ అన్న తలెత్తకుండా రెండు సార్లు బంతి ఇచ్చాడు, బావ ఒకసారి తనే కొట్టాడు, ఒకసారి పక్కవాడి చేత కొట్టించాడు. ఆఖర్న వాళ్ళు తన్నిన బంతిని గోలీ అన్న గుండెకు హత్తుకుని అట్లాగే ఇసుకలో బోర్లా పడుకున్నాడు. గెలిచాం. మేనమామ ఆయన వీపు మీద పడి ఏడ్చాడు.

కార్యదర్శి దగ్గరికి వచ్చి, చొక్కాకు ఇసుక అంటకుండా దూరంగానే నిలబడి, బాగా ఆడారన్నాడు. అయితే జట్టుగా చేర్చుకోవడం కుదరదట, నిబంధనలు ఒప్పుకోవట. ముందు ఆడిన ముగ్గురిని మాత్రం టౌను జట్టులోకి తీసుకుంటాడట, బూట్లు కూడా ఇస్తాడట. ఆ ముగ్గురిలో మా బావ ఒకడు.

"మరి మిగతా ఎనిమిది మందో?" అని అడిగాడు మేనమామ.

"వాళ్ళేం చేశారయ్యా?" అన్నాడు ఆ పెద్దమనిషి.

గోలీ అన్న ఇంకా ఒంటికి అంటిన ఇసుక దులుపుకుంటూ అక్కడే ఉన్నాడు. బావ వాళ్ళ నాన్న మొహంలోకి చూశాడు. మేనమామ కొడుకు భుజం తట్టి, "పో నాయనా. బూట్లు కాళ్ళు కరుస్తాయి, చూసుకో" అన్నాడు.

టౌనులో ఏం జరిగిందంటే, బావ కుడి వింగులో నిలబడి బంతి కోసం ఎదురుచూస్తూ ఉండిపోయాడు. అక్కడ అందరూ మొనగాళ్ళే, కాలికందిన బంతిని ఇంకొకడికి ఇవ్వాలన్న బుద్ధి ఒక్కడికీ లేదు. తలెత్తకుండా చూసే దర్జీ అన్నను ఆ కార్యదర్శి ఏరుకోలేదు గదా, చొక్కాలు కుట్టించుకోవడానికి తప్ప అతనికి దర్జీతో పనేముంది? ఆ జట్టు మొదటి ఆటకే ఓడి ఇంటికి పోయింది. నాలుగు నెలలకు బావ మడమల మీద పుండ్లతో తిరిగొచ్చి ఒడ్డున నిలబడితే, మేనమామ తాడు దగ్గర చోటు చూపించాడు.

తాడు దగ్గర చోటు దొరికింది గానీ మైదానంలో దొరకలేదు. ఊళ్ళో మిగిలిన వాళ్ళు మళ్ళీ ఆటకు రాలేదు. అలకా కాదు, కోపమూ కాదు. వాళ్ళేం చేశారన్న మాట ఊళ్ళో ఉండిపోయింది. గోలీ అన్నను ఆడదాం రమ్మని నేనే ఎన్నిసార్లు పిలిచానో. ఆయన నవ్వి, నేనేం చేశాన్లే తమ్ముడూ, బంతి వచ్చి నా మీద పడింది అనేవాడు. ఎవరో చొక్కా నలగని మనిషి ఒక్క మాట అంటే, ఈయనకు తన జన్మంతా అదే నిజమైపోయింది.

ఇప్పుడు అలివి వల లాగేవాళ్ళు ఏ పండగకో పబ్బానికో కనబడితే గొప్ప. ఎవరి ఇంజను పడవ వాళ్ళది, ఎవరి రొయ్యల గుంట చుట్టూ వాళ్ళ ముళ్ళకంచె. మేం ఆడిన చోటూ ఒక గుంటే. పక్కవాడు అలిసిపోతే ఏం చేయాలో తెలుసుకోవలసిన అవసరం ఎవరికీ పడటం లేదు, పడినా పాయింట్లు రావు.

పోయిన వేసవిలో గోలీ అన్న చనిపోయాడు. నలుగురూ చేరి ఆయన మంచితనం గురించి, వల మానేశాక చేసిన అప్పడాల వ్యాపారం గురించి చెప్పుకున్నారు. నేనూ బావా ఒక పక్కగా కూర్చున్నాం. బావ నా వైపు వంగి, "నేను కొట్టింది ఇప్పటికీ ఎవరో ఒకరు అడుగుతుంటారు బావా, వాడు ఆపినవి ఎవరన్నా అడిగినారా?" అన్నాడు. ఎవరూ అడగలేదు. ఆ సాయంత్రం మేమిద్దరం ఒకటొకటే తలచుకుంటూ ఆయన ఆపిన బంతులు చెప్పుకున్నాం. కొన్ని అతనికి గుర్తున్నాయి, కొన్ని నాకు. మధ్యలో కొన్ని ఇద్దరికీ గుర్తు రాలేదు. వాటిని చెప్పగలిగిన మనిషి పాళెంలో ఇంకెవరూ లేరు.