పల్లీల బాణలిలో ఇసుక

ఆమెకు అమ్మానాన్నలు పెట్టిన పేరు ఒకటుండేది గానీ ఫ్యాక్టరీలో దాని అవసరం ఎవరికీ పడలేదు. మేనేజరు దగ్గర్నుంచి గేటు ఊడ్చే మనిషి దాకా అందరికీ ఆమె ఇసుకత్తే.

ఆ ఫ్యాక్టరీలో రంగుల్లో కలిపే అల్యూమినియం పొడి తయారయ్యేది. వెన్నెలను దంచి జల్లెడ పట్టినట్టు ఉండేదా పొడి. చూపుకు ఎంత సాధువో గుణానికి అంత పెంకిది. నిప్పంటుకుందంటే దాని మీద నీళ్ళు పొయ్యకూడదు. పోస్తే ఆరడం మాట దేవుడెరుగు, ఆ నీళ్ళనే మేతగా మేసి భగ్గున లేస్తుంది, పైకప్పును కూడా వెంట తీసుకుపోతుంది. దానికి మందు పొడి ఇసుక. ఇసుకలో చెమ్మ చేరిందా, ఆ మందే విషం.

అందుకే పొడిగదుల ముందు మూతలున్న ఇనప డ్రమ్ముల్లో ఇసుక నింపి ఉంచేవారు. దాన్ని ఆరబెట్టి, జల్లించి, మళ్ళీ నింపడం ఇసుకత్త ఉద్యోగం.

ఆ ఫ్యాక్టరీ ఇప్పుడు లేదు. అయినా అక్కడ పనిచేసినవాళ్ళు నలుగురు కలిస్తే యంత్రాల సంగతి కన్నా ముందు ఆ వెనక పెరటి ఎండ సంగతే ఎత్తుతారు. ఇసుకత్త పొద్దున్నే వచ్చి, చెప్పులు విడిచి, సూర్యుడికో దణ్ణం పెట్టుకుని, పట్టా మీద ఇసుక పరిచేది. గింజలు ఎండబోసినట్టు పాదాలతో సాళ్ళు తీస్తూ అటూ ఇటూ నడిచేది. క్యాంటీన్ వంటాయన గిన్నెలు కడిగిన నీళ్ళు పారబోసే ముందు "అత్తా, నీళ్ళొస్తున్నాయ్!" అని కేకేసి, పెరడంతా చుట్టి ఆ చివరకు వెళ్ళి పోసేవాడు. ఉన్నట్టుండి చినుకు పడితే, డ్యూటీకి వస్తున్నవాళ్ళు తమ గొడుగులు తీసి ఇసుక మీద పట్టి, తాము తడుస్తూ నిలబడేవాళ్ళు. ఎవరూ చెప్పి చేయించింది కాదది.

ఈ విద్య ఆమెకు కాపురంలో అబ్బింది. భర్త ఆ ఫ్యాక్టరీ గేటు ముందే బండి మీద పల్లీలు వేయించి అమ్మేవాడు. కొత్తగా పెళ్ళైన రోజుల్లో బాణలిలో ఇసుక తిప్పే పని ఆమెది. చెమ్మ ఇసుకలో పల్లీ ఉడుకుతుంది గానీ వేగదు. గుప్పెడు తీసి పిడికిలి బిగించి తెరిచేది. వేళ్ళ సందుల్లోంచి జారిపోతే పొడి, అరచేతిలో ముద్దలా నిలిస్తే తడి. ఫ్యాక్టరీలోనూ ఆమె పరీక్ష ఇదే.

ఒక ఎండాకాలం ఆమె తమ్ముడి భార్య ఆడపిల్లను కన్నది. ఆ తమ్ముడు కూడా పొడిగదిలోనే పనిచేసేవాడు. నిప్పంటుకుంటే లోపలికి వెళ్ళే జట్టులో వాడొకడు. పసిబిడ్డకు నీళ్ళు పోయడానికి ఇసుకత్త కొన్నాళ్ళు సెలవు పెట్టింది. మళ్ళీ డ్యూటీకి వచ్చిన రోజే మధ్యాహ్నం, పెరట్లో పట్టా విప్పుతుండగా గంట గణగణా మోగింది.

పొడిగదిలో తూకం దగ్గర ఒలికిన పొడి అంటుకుంది. పెద్ద మంటేమీ కాదు, కుప్పగా తెల్లగా, కళ్ళు చెదిరేలా మండుతోంది. భయమంతా దాని వెనక పేర్చిన నిండు పీపాల గురించే. సెగ వాటిదాకా పాకితే గదే కాదు, వీధి కూడా మిగలదు.

ఫైరింజను వచ్చింది. ఆఫీసరు దాన్ని గేటు బయటే ఆపించి, గొట్టాలు ముట్టుకోవద్దని తన మనుషులకు చెప్పాడు. వీధిలో చేరిన జనానికి అది వింతగా తోచింది.

"ఏం సార్, నీళ్ళు ఇంటి దగ్గర మర్చిపోయొచ్చారా?" అన్నాడొకడు.

"ఇక్కడ నీళ్ళు పోస్తే నువ్వూ నేనూ కలిసి పైనుంచి చూడాల్సొస్తుంది నాయనా, వెనక్కి జరుగు," అన్నాడు ఆఫీసరు.

తమ్ముడూ ఇంకొకతనూ మందపాటి కోట్లు, చేతి తొడుగులు వేసుకుని, పొడుగు కాడల పారలు పట్టుకుని డ్రమ్ము దగ్గరికొచ్చారు. ఇసుకత్త అప్పటికే అక్కడుంది.

"ఇసుక పొడిగా ఉందా అమ్మా?" అడిగాడు ఆఫీసరు.

ఆమె మూత వైపు చూసింది. మూత మీద మట్టి మూకుడు, అందులో నీళ్ళు, అంచు మీద ఓ పిచ్చుక ఈక. మూకుడు చెమర్చి, తుప్పు తిని చిల్లులు పడ్డ మూతలోంచి తడి లోపలికి దిగుతోంది.

మూత తీసి ఇసుకలో గుప్పెడు తీసింది. పిడికిలి తెరిస్తే ముద్ద నిలిచింది. మోచేతి దాకా చెయ్యి దించి అడుగునుంచి తీసింది. అదీ నిలిచింది.

"పైది తీసిపారేస్తే సరిపోదా అత్తా? టైం లేదు!" అన్నాడు సూపర్వైజరు.

ఇన్నేళ్ళలో ఆమె డ్రమ్ము తడిసిందన్న మాట ఎవరూ వినలేదు. ఆ మాట ఇప్పుడు ఆమె నోటితోనే, అందరి ముందూ రావాలి. ఎదురుగా తమ్ముడు. ఇంకా గుండీలు పెట్టని కోటు సందులోంచి, వాడి చొక్కా మీద పొద్దున పసిది కక్కిన పాల మరక కనిపిస్తోంది.

"తడిసిపోయింది సార్. ఇది వాడొద్దు," అంది. "ఒరేయ్, ఆ పార కింద పెట్టు."

"మిగతా డ్రమ్ములు?" అన్నాడు ఆఫీసరు.

"అవి ఆ చివరి షెడ్డు గదుల ముందున్నాయి సార్. దొర్లించుకు రావాలి, ఆలస్యమవుతుంది."

ఆ మాట అంటూనే ఆమె గేటు వైపు తిరిగింది. షెడ్డు కన్నా గేటే దగ్గర. గోడ అవతల భర్త బండి పొయ్యి పొగ కనిపిస్తోంది.

"ఏవండీ!" అని గొంతు చించుకుని అరిచింది. "పల్లీలు జల్లించెయ్యండి! ఇసుక కావాలి, ఇసుక!"

ఆ భర్త మామూలుగా ఏ మాటకైనా ఎదురు ప్రశ్న వెయ్యనిదే ఊరుకోని మనిషి. ఆ రోజు మాత్రం వెంటనే పొయ్యి మీంచి బాణలి దించాడు. జనంలో ఎవరో జల్లెడ పట్టారు, ఎవరో బాణలి చెవులకు గోనెపట్టాలు చుట్టారు. వేయించే ఇసుక, బండి కింద పొయ్యి వెచ్చదనంలో ఆరుతూ ఎప్పుడూ ఉండే బస్తా ఇసుక, రెండూ నిమిషాల మీద లోపలికొచ్చాయి. ఇందాక ఆఫీసరును వెటకారం చేసినవాడే బస్తా మోశాడు.

ఆఫీసరు వంగి పొట్టు మిగల్లేదని చూసుకున్నాడు. ఇసుకత్త గుప్పెడు తీసి పిడికిలి తెరిచింది. చెయ్యి చురుక్కుమంది గానీ, ఇసుక మాత్రం నీళ్ళలా జారిపోయింది.

"విసరొద్దు," అన్నాడు ఆఫీసరు. "విసిరితే పొడి గాల్లోకి లేచి పేలుతుంది. నిద్రపోయే బిడ్డకు దుప్పటి కప్పినట్టు, అంచుల నుంచి మెల్లగా కప్పండి."

తమ్ముడు లోపలికి వెళ్ళాడు. ఇసుకత్త గోడకు చేరగిలబడి కళ్ళు మూసుకుంది. ఏ దేవుణ్ణి ఏమని మొక్కిందో ఆమెకే తెలియదు. పార ఇసుకలో దిగే చప్పుడు, ఆగడం, మళ్ళీ చప్పుడు. ఎంతసేపటికో మూసిన రెప్పల వెనక ఆ తెల్లటి వెలుగు సన్నగిల్లింది.

తమ్ముడు బయటికొచ్చి ముసుగు తీసి, చెమట తుడుచుకున్నాడు.

"అక్కా, లోపలంతా పల్లీల వాసన. ఆకలేస్తోందే."

"నోరు ముయ్యరా వెధవా," అని ఏడ్చేసింది ఆమె.

"బావా, నన్ను కూడా అదే ఇసుకలో వేయించేద్దామనుకున్నారా మొగుడూ పెళ్ళాలు?" అన్నాడు వాడు గేటు వైపు చూసి.

"నువ్వు వేగే రకానివా!" అంది అవతలి నుంచి బావ గొంతు.

ఆ కుప్పను మర్నాటి దాకా ఎవరూ కదపలేదు. కదిపితే లోపలి నిప్పు మళ్ళీ కళ్ళు తెరుస్తుంది. ఆఫీసరు వచ్చి చూసి, చల్లబడిందన్నాకే ఎత్తారు.

మూకుడు పెట్టింది గేటు కాపలా తాత. ఇసుకత్త సెలవులో ఉండగా, ఎండకు పిచ్చుకలు నోళ్ళు తెరుచుకుని తిరుగుతుంటే చూడలేక, పిల్లి అందుకోలేనంత ఎత్తని డ్రమ్ము మీద పెట్టాడు. ఆ సాయంత్రం గేటు పక్కన కూలబడి తల ఎత్తలేదు.

"నా చేతులు విరిగిపోను తల్లీ. ఉద్యోగం మానేస్తాను," అన్నాడు.

ఇసుకత్త ఆయన పక్కనే కూర్చుంది. "నువ్వు మానేస్తే పిచ్చుకలకు నీళ్ళెవరు పెడతారు తాతా? చోటు మారుద్దాం, లే."

మర్నాడు పెరటి గోడకు, ఇసుకకు దూరంగా, తీగతో ఆ మూకుడు వేలాడదీశారు. మూత కొత్తది వచ్చింది. బండికి కొత్త ఇసుక కావాల్సొచ్చింది. దాన్ని ఇసుకత్త ఫ్యాక్టరీ పెరట్లోనే ఆరబెట్టింది. ఆ రోజు మేనేజరు అటుగా వచ్చి, చూసి, ఆ ఇసుకను తొక్కకుండా పక్కనుంచి చుట్టి వెళ్ళాడు.

తర్వాత ఆమె పని చేసినన్నాళ్ళూ పద్ధతి ఒకటే. పొద్దున రాగానే ముందు గోడ దగ్గరికి వెళ్ళి మూకుట్లో నీళ్ళు పోసేది. కొంగుతో చేతులు తుడుచుకునేది. సరిపోదన్నట్టు ఎండకు చాపి, వేళ్ళు విడదీసి, పూర్తిగా ఆరేదాకా నిలబడేది. పిచ్చుకలు వాలేవి. అప్పుడు వెళ్ళి ఇసుక ముట్టుకునేది.