బంగారు చేప ఒక్కపొద్దు

ఇప్పుడంటే దిల్‌సుఖ్‌నగర్‌లో కాలు పెట్టడానికి చోటు లేదు కానీ, నేను ట్రంకు పెట్టె పట్టుకుని నల్లగొండ బస్సు దిగిన రోజుల్లో అక్కడ మనుషుల కంటే ఇసుక కుప్పలే ఎక్కువగా కనిపించేవి. ప్రతి ఇల్లూ సగమే కట్టి ఉండేది. ఎప్పటికైనా పై అంతస్తు వేస్తామన్న ఆశతో మిద్దెల మీద ఇనుప కడ్డీలు వదిలేసేవారు. కాలనీలకు పేర్లు మాత్రం ముందే పెట్టేశారు. రోడ్లు, నీళ్లు, వీధి దీపాలు వెనకాల వస్తాయన్నారు. (కొన్ని చోట్ల ఇంకా వస్తూనే ఉన్నాయి.) ఆ కాలంలో పట్నంలో ఉద్యోగం ఎలాగోలా దొరికేది గానీ పెళ్లికానివాడికి కిరాయి గది దొరికేది కాదు. "ఫ్యామిలీ ఉందా?" అని అడిగేవారు. లేదంటే చాలు, నా వెనకాల దొంగల ముఠా నిలబడి ఉన్నట్టు తలుపు వేసేసుకునేవారు.

అటువంటి నాకు గది ఇప్పించింది నా బి.ఎస్సీ. జువాలజీ. ఆ చదువు వల్ల జీవితంలో నాకు కలిగిన లాభం అదొక్కటే కాబట్టి కృతజ్ఞతతో చెప్పుకుంటున్నాను. (ఉద్యోగం చేసింది ఎల్‌బీ నగర్ చౌరస్తా దగ్గర విత్తనాల కంపెనీలో. అక్కడ జంతువులతో పని లేదు, మేనేజరును లెక్కలోకి తీసుకోకపోతే.) ఇంటాయనను అందరూ పటేలు అనేవారు. సరూర్‌నగర్ పాత ఊరి మనిషి. జొన్న చేలు ప్లాట్లయిపోయాక కొత్త ఇల్లు కట్టుకున్నాడు. గృహప్రవేశం నాడు ఎవరో సిద్ధాంతి చెప్పాడని ముందరి హాలులో ఈశాన్యం మూల గాజు తొట్టి పెట్టి, అందులో ఒక బంగారు చేపను వదిలాడు. ఆ చేప తిన్నగా ఈదినంత కాలం ఇంటికి ఏ లోటూ ఉండదట. చేప ఎంతకాలం తిన్నగా ఈదుతుందో మాత్రం సిద్ధాంతి చెప్పలేదు. దక్షిణ తీసుకుని వెళ్లిపోయాడు.

"పెండ్లి గానోళ్లకు ఇయ్యం" అని పటేలు నన్ను గేటు దగ్గరే ఆపేశాడు. పోతూ పోతూ నేనేదో మాటల్లో చదువు సంగతి ఎత్తాను.

"జువాలజీ అంటే ఏంది?"

"జంతువుల సదువు పటేలా. కప్పలు, శాపలు..."

"శాపలా?" అంటూ పటేలు గేటు తెరిచాడు. "మరి ముందుగాల చెప్పవైతివి? పెట్టె లోపట పెట్టుకో."

నిజానికి చేపలతో నా పరిచయం అవి చచ్చిపోయాకే మొదలయ్యేది. ఫార్మలిన్ కంపు కొట్టే ట్రేలో వెల్లకిలా పడుకున్న చేపను కోసి, బొమ్మ గీసి, భాగాలు గుర్తించమంటే మార్కులన్నీ నావే. బతికున్న చేప ఏం తింటుందో, ఎందుకు అలుగుతుందో మా సిలబస్‌లో లేదు. అడిగితే ఆ మాటే చెప్పేవాడిని. పటేలు అడగలేదు.

మిద్దె మీద గది నాది. కింద పటేలు కుటుంబం, పక్క పోర్షన్‌లో గుంటూరు నుంచి వచ్చిన ఒక సంసారం. ఆమెను నేను పిన్నిగారనేవాడిని, ఆయన్ని బాబాయిగారనేవాడిని. ఆ ఇంటి అసలు అధికారి మాత్రం పటేలు తల్లి. అందరికీ అవ్వే. నేను పొద్దున మెట్లు దిగినా, సాయంత్రం మెట్లెక్కినా ఆమెది ఒకటే ప్రశ్న: "తిన్నవా బిడ్డా?" తిన్నానంటే నమ్మేది కాదు. తినలేదంటే ఊరుకునేది కాదు. ఊరు వదిలి వచ్చిన కొత్తలో ఆ ఒక్క మాట కోసం నేను లేని పని కల్పించుకుని మెట్లు దిగేవాడిని. అంత బాగుండేది ఆ మాట.

ఆ ప్రశ్న చేపను కూడా వదల్లేదు. తొట్టి గుమ్మం పక్కనే ఉండేది కదా, వచ్చిన ప్రతివాడూ తను తింటున్నదాంట్లో చిటికెడు దానికి వేసి లోపలికి వెళ్లేవాడు. ఒక ప్రాణి చూస్తుండగా తినడం తప్పని అందరికీ తెలుసు. (చేప ఎప్పుడూ చూస్తూనే ఉంటుంది. దానికి రెప్పలు లేవు. ఇది మాత్రం సిలబస్‌లో ఉంది.) పైగా అవ్వకూ పిన్నిగారికీ మధ్య పోటీ ఒకటి. అవ్వ జొన్న రొట్టె నలిపి వేస్తే, "అయ్యో, అంత గట్టిది దానికెక్కడ అరుగుతుందండీ మామ్మగారూ!" అని పిన్నిగారు మెత్తటి ఇడ్లీ తుంచి వేసేది. "ఇడ్లి గూడ తిండేనా? ఉత్త గాలి" అని అవ్వ ఇంకో రొట్టె ముక్క నలిపేది. పండగ పూట బూరెలో పూర్ణం కూడా ఆ తొట్టిలోకి వెళ్లడం నేను కళ్లారా చూశాను.

అలా సాగుతుండగా పటేలు భార్యాపిల్లలతో తిరుపతి ప్రయాణమయ్యాడు. మోకాళ్ల నొప్పుల వల్ల అవ్వ ఉండిపోయింది. ఆటో ఎక్కబోతూ పటేలు నన్ను పిలిచాడు.

"శాప నీ జిమ్మ. సదువుకున్నోడివి, నీకు చెప్పేదేముంది. నేనొచ్చేటాలకు గిట్లనే ఈదుతుండాలె. దానికేమన్న అయ్యిందనుకో, నీ పెట్టె బజార్ల ఉంటది."

ఎంతో ఆప్యాయంగా, నవ్వుతూ చెప్పాడు. అందుకే ఎక్కువ భయమేసింది.

ఆటో మలుపు తిరగడమే ఆలస్యమన్నట్టు, మర్నాటికల్లా చేప పక్కకు ఒరిగింది. ఇంకో పూటకు కడుపు నిమ్మకాయంత ఉబ్బి, వెల్లకిలా తిరిగి నీళ్ల మీద తేలింది. బతికే ఉంది. నోరు తెరుస్తోంది, మూస్తోంది. కానీ పొట్ట ఆకాశం వైపు. పరీక్షల ట్రేలో నేను ఎరిగిన భంగిమ అదే కాబట్టి చటుక్కున గుర్తుపట్టాను. గది పోయినట్టే అనుకున్నాను. మళ్లీ ఆ ట్రంకు పెట్టె మోసుకుంటూ, లేని ఫ్యామిలీ గురించి జవాబులు చెప్పుకుంటూ వీధి వీధీ తిరగాలి.

"చేప లోపల గాలితిత్తి ఒకటి ఉంటుంది. దాన్నిబట్టే అది మునగడం, తేలడం. దానికే ఏదో అయింది" అని రోగ నిర్ధారణ చేశాను. అందరూ గౌరవంగా విన్నారు. "మరి మందేంది?" అంది అవ్వ. బొమ్మ గీయమంటే గీస్తానని చెప్పలేకపోయాను.

ఇక వైద్యం అందరి చేతుల్లోకీ వెళ్లింది. బాబాయిగారు ఆఫీసులో గుమాస్తా, ఇంట్లో హోమియో వైద్యుడు. తొట్టి ముందు కుర్చీ వేసుకుని లావుపాటి పుస్తకం తెరిచారు. "దాహం ఎక్కువగా ఉందా?" అని అడిగారు. నీళ్లలో ఉందండీ అన్నాను. "అది కాదయ్యా, లక్షణం కావాలి. ఒంటరిగా ఉండాలనుకుంటోందా? చీటికీ మాటికీ కోపం వస్తోందా?" తొట్టిలో ఉన్నది ఒక్కటే చేప కాబట్టి ఒంటరితనం ఖాయమైంది. దాని తరఫున కోపం నేనే తెచ్చుకున్నాను. తెల్ల మాత్రలు నాలుగు నీళ్లలో పడ్డాయి. పిన్నిగారు కడుపుబ్బరానికి వాము నీళ్లను మించింది లేదని ఒక గ్లాసు తెచ్చింది. తొట్టిలో పోయకుండా ఆపడానికి అది నేనే తాగాల్సి వచ్చింది. అవ్వ ఉప్పూ మిరపకాయలూ తిప్పి దిష్టి తీసింది. "ఆ పాలాయన కండ్లు మంచియి కావు" అంది. ఇన్ని వైద్యాలు చేసిన అలసటలో ముగ్గురూ తలా ఒక ముక్క తిని, చేపకూ తలా ఒక ముక్క వేశారు.

చివరికి దాన్ని పాల క్యానులో వేసుకుని బస్సెక్కి పశువుల దవాఖానకు తీసుకెళ్లాను. బర్రెలు, మేకల మధ్య నా వంతు వచ్చింది. డాక్టరుగారు క్యానులోకి తొంగి చూసి, "పాలు విరిగాయా?" అన్నారు. సంగతి చెప్పాను. ఆయన చాలాసేపు నా వైపే చూశారు, రోగి ఎవరో తేల్చుకోలేక.

"నేను చేపల డాక్టర్ని కాదు. కానీ బర్రెకు కడుపుబ్బితే ఏం చేస్తాం? మేత ఆపేస్తాం. దీన్నీ కొన్నాళ్లు పస్తు పెట్టు. నీళ్లు మార్చు. బోరు నీళ్లయితే ఒక పూట బకెట్లో నిలవుంచి పొయ్యి. నీళ్లు మాత్రం తాగనియ్యి" అన్నారు. ఆ చివరి మాట అలవాటు కొద్దీ అన్నారనుకుంటాను.

ఎంత సులువైన మందు! ఖర్చు లేదు, చేదు లేదు. కానీ ఆ ఇంట్లో మేత ఆపడం కంటే చేపకు ఆపరేషన్ చేయడం తేలికని ఇంటికి వచ్చాక తెలిసింది.

"పస్తులుంచాల్నా?" అవ్వ లేచి నిలబడింది. "పానం బాగ లేనప్పుడు ఇంకింత పెట్టాలె గని, నోరు లేని జీవిని ఎండబెడ్తరా? గా డాక్టరు ఇంట్ల ఆడోళ్లు లేరా?"

"నిజమేనండీ మామ్మగారూ! జబ్బు మనిషికి గంజైనా పొయ్యకుండా ఉంటామా? అబ్బాయ్, నీకు వినపడ్డంలో పొరపాటై ఉంటుంది" అంది పిన్నిగారు. వాళ్లిద్దరూ ఒక విషయంలో ఏకాభిప్రాయానికి రావడం ఆ ఇంటి చరిత్రలో అదే మొదలు. ఆ ఘనత నాది.

నేను నీళ్లు మార్చి ఆఫీసుకు వెళ్లేవాడిని. తిరిగొచ్చేసరికి తొట్టి అడుగున అన్నం మెతుకులు ఉండేవి. "నేనెయ్యలే బిడ్డా, గుంటూరామె ఏసింది" అనేది అవ్వ. "నాకేం తెలుసు, మామ్మగారి చెయ్యి ఊరుకుంటుందా?" అనేది పిన్నిగారు. బతిమాలాను, భయపెట్టాను, పుస్తకంలో బొమ్మ చూపించాను. చేప వెల్లకిలాగే ఉంది. ఇంతలో కిరాణా కొట్టుకు పటేలు ఫోన్ చేశాడు. దర్శనం బాగా అయిందట, కాళహస్తి కూడా చూసుకుని వచ్చేస్తున్నారట. "శాప మంచిగున్నదా?" అని అడిగాడట. ఉందని చెప్పానన్నాడు కొట్టాయన, నాకేదో సాయం చేసినట్టు. నేను గదిలోకి వెళ్లి బట్టలు మడత పెట్టడం మొదలుపెట్టాను.

శనివారం వచ్చింది. పొద్దున నేను దిగేసరికి పిన్నిగారు పెసరట్టు పళ్లెంతో అవ్వ దగ్గరికి వచ్చి, "అయ్యో, ఇవాళ మీకు ఒక్కపొద్దు కదూ!" అని నాలుక్కరుచుకుని, పళ్లెం కొంగు కింద దాచుకుని గబగబా వెనక్కి వెళ్లిపోయింది. రోజంతా అవ్వ ఎదుట ఎవరూ తినరు, తినమనరు. పొద్దుగూకాక ఆమె ఇంత తింటేనే ఆ దీక్ష తీరుతుంది. అంతవరకూ ఆ ఇంట్లో తిండి మాటే ఎత్తరు. నేను మెట్ల మీదే ఆగిపోయాను. నా బి.ఎస్సీ. చెప్పని వైద్యం నా కళ్ల ముందు కొంగు కింద దాక్కుని పోతోంది.

"అవ్వా" అన్నాను, తొట్టి ముందు చేతులు కట్టుకుని, "శాపకు ఒక్కపొద్దు పట్టించిన. వెంకన్నకు మొక్కిన. పటేలు ప్రసాదం తెచ్చేదాంక పొద్దుగూకినా ముట్టేది లేదు."

అవ్వ లేచింది. చెప్పులు విడిచి వచ్చి, తొట్టికి పసుపు పూసి బొట్టు పెట్టింది. వెల్లకిలా తేలుతున్న ఆ చేపకు రెండు చేతులూ ఎత్తి మొక్కింది.

ఆ క్షణం నుంచి చూడాలి కాపలా! తొట్టి పక్కన పీట వేసుకుని కూర్చుంది. మరమరాలు నములుతూ వచ్చిన పాలాయనను గేటు బయటే నిలబెట్టి, "లోపల ఒక్కపొద్దున్నరు, నోరు కడుక్కొని రా" అంది. పిన్నిగారు పోపు వాసన హాలులోకి రాకుండా తలుపు మూసుకుని వంట చేసింది. నేను గెలిచానని మురిసిపోతుండగా అవ్వ నా వైపు తిరిగింది.

"మొక్కింది నువ్వు. పాపం శాప ఒక్కతే ఉపాసముంటదా? నువ్వు మనిషివి, పొద్దుగూకినంక ఇంత తిను. పగలు మాత్రం ముట్టొద్దు."

ఎల్‌బీ నగర్ చౌరస్తాలో మిరపకాయ బజ్జీలతో వ్రతభంగం చేద్దామని చూశాను గానీ, బాబాయిగారు నాతోపాటే బస్సు దిగేవారు. నాకు తోడుగా అవ్వా ఒక్కపొద్దులు మొదలెట్టింది. ఆమెకంటే తాను తక్కువ తినలేనా అని పిన్నిగారూ మొదలెట్టింది. ఒక్క చేప అజీర్తికి ఇల్లంతా పస్తు పడుకుంది.

పటేలు ఆటో గేటు ముందు ఆగిన ఉదయం, చేప తొట్టి మధ్యలో తిన్నగా, సన్నగా, ఏమీ ఎరగనట్టు ఈదుతోంది. కళ్లు తిరుగుతున్నది మాకే. బాబాయిగారు తన తెల్ల మాత్రలన్నారు, పిన్నిగారు (నేను తాగిన) వాము నీళ్లంది, అవ్వ వెంకన్న అంది. పటేలు మాత్రం నా భుజం తట్టి, "సదువుకున్నోడు ఇంట్ల ఉంటే గిట్లుంటది" అన్నాడు. నేను వినయంగా తల వంచుకున్నాను. ఆ తర్వాత సరూర్‌నగర్‌లో ఏ కోడి తూలినా నా గదికే పంపేవాడు.

కానీ అసలు గండం అప్పుడే వచ్చింది. అవ్వ తిరుపతి లడ్డూ విరిచి, పెద్ద ముక్క తొట్టి మీదకు చాపింది. "ముందుగాల దీనికి. ఎన్ని దినాలాయె బిడ్డ తిని!" నేను ఒక్క అంగలో వెళ్లి ఆ ముక్క ఆమె చేతిలోంచే నోట్లో వేసుకున్నాను. "మొక్కినోడు ముందు తినాలె అవ్వా!" అన్నాను, నోరు నిండా లడ్డూతో. అవ్వ కోప్పడుతుందనుకున్నాను. నా మొహం కేసి చూసి కళ్లు తుడుచుకుంది. "ఎంత ఆకలైందో పోరనికి" అని రెండో ముక్క కూడా నాకే పెట్టింది. చేపకు ఆవగింజంత రాలింది. పెళ్లయి ఫ్యామిలీ వచ్చేదాకా ఆ గది నాదే.

మొన్న పరగడుపు రక్త పరీక్ష కోసం దిల్‌సుఖ్‌నగర్ వెళ్లాను. పటేలు ఇల్లు ఎక్కడుండేదో నాకు తెలియలేదు, అన్నీ అద్దాల మేడలే. పరీక్షల కేంద్రంలో పెద్ద చేపల తొట్టి, దాని మీద బోర్డు: ఆహారం వేయరాదు. ఎవరూ వేయడం లేదు. అటువైపు చూసేవాళ్లు కూడా లేరు. చేపలన్నీ తిన్నగా, ఆరోగ్యంగా, క్రమశిక్షణతో ఈదుతున్నాయి. నా పొట్ట ఎలా ఉందో మీకు చెప్పను గానీ, నీళ్లలో వేస్తే ఎటు తిరిగి తేలుతానో నాకు తెలుసు. అక్కడ కూర్చున్న పెద్ద పెద్దవాళ్లమంతా పరగడుపునే ఉన్నాం. మమ్మల్ని ఆ మాట ఎవరూ అడగలేదు. చుట్టూ చూసుకుని, ఎవరూ గమనించడం లేదని తేల్చుకున్నాక, గాజుకు దగ్గరగా వంగి మెల్లగా నేనే అడిగాను:

"తిన్నవా బిడ్డా?"