చిక్కు వెంట్రుకల సంచి

ఫోను గుర్రుమంటే చాలు, ఇప్పటికీ నా నాలుక పిడచకట్టుకుపోతుంది. నిన్న మధ్యాహ్నం మా అపార్ట్‌మెంట్ గ్రూపులో, గేటు దగ్గర కొత్తవాడెవడో తిరుగుతున్నాడు, పిల్లల్ని లోపలికి పిలవండి అని వచ్చింది. బాల్కనీ నుంచి అతన్ని ఫొటో తీసి, కింద ఒక మాట రాసి, పంపబోయి ఆగాను. వంటింట్లోకి వెళ్లి గ్లాసెడు నీళ్లు తాగాను. ఈ అలవాటు సుగుణ టీచర్ పెట్టిన భిక్ష.

సీతాఫల్‌మండిలో మేం అద్దెకున్నప్పుడు మా పక్కిల్లు ఆవిడది. బడిలో జీవశాస్త్రం చెప్పి రిటైరయ్యారు. ఎవరు కంగారుగా వచ్చినా ముందు నీళ్లిచ్చేవారు; తాగేదాకా ఒక్క మాటా వినేవారు కాదు. పులి తరుముతుంటే ఎవరూ ఆగి నీళ్లు తాగరు కనుక, గుటక పడితే పులి లేదని ఒంటికి తెలుస్తుందట. నాకది చాదస్తంగా తోచేది.

ఒక ఏడు పిల్లల్నెత్తుకుపోయే ముఠాలంటూ ఫోన్ల నిండా పుకార్లే. ఒక సాయంత్రం మా ఐదేళ్ల పాప గల్లీలో కనబడలేదు. మలుపులో భుజాన సంచితో ఒక మనిషి కనబడ్డాడు. నేనేమీ చూడలేదు, ఏమీ అడగలేదు. "వీడే" అని అరిచాను. క్షణంలో జనం చుట్టుముట్టారు. సంచి కుమ్మరిస్తే ఆడవాళ్ల పొడుగాటి జుట్టు బయటపడింది. ఎవరో అతని మూతి పగలగొట్టారు. దువ్వినప్పుడు రాలిన చిక్కు వెంట్రుకలు ఉండచుట్టి గోడ సందుల్లో దాచేది మేమే. అవి కొని పిన్నులూ గిన్నెలూ ఇచ్చే మనిషి ఇతనని మాలో ఒక్కరికీ తట్టలేదు.

టీచర్ జనాన్ని తోసుకుంటూ వచ్చారు. చేతిలోని చెంబు నాకిచ్చారు.

"ముందు తాగు. పాప మా మేడ మీద పిల్లిపిల్లలతోని ఆడుకుంటున్నది."

చెంబెత్తి తాగాను. జనం మాత్రం అతని కాలరు వదల్లేదు. ఆ జుట్టు ఎవరిదని ఒకటే గోల. ఆవిడ వెళ్లి తన వరండా గోడ సందులోంచి నెరిసిన వెంట్రుకల ఉండ తెచ్చి అతని చేతిలో పెట్టారు.

"దీనికి ఏమిస్తవ్ బిడ్డా?"

అతను జేబు తడిమి రెండు పిన్నులు తీసిచ్చాడు. పట్టుకున్న చేతులు ఒక్కొక్కటే జారిపోయాయి. పెదవి నుంచి రక్తం కారుతుండగా అతను జుట్టంతా ఏరుకున్నాడు. క్షమించమని నేను అడగలేదు. ఆ సిగ్గు ఇంకా పోలేదు.

తర్వాత ఆవిడ దగ్గర కూర్చుని ఏడ్చాను. తిట్టలేదు.

"ఎనకట ఆకు కదిలితే పులి అనుకొని ఉరికినోళ్లే బతికిండ్రు. మనం వాళ్ల పిల్లలమే. భయం తప్పు గాదు. గని ఎవని మీదికి ఉరుకుతున్నమో జెర చూడాలె."

టీచర్ పోయి మూడేళ్లయింది. నిన్న నీళ్లు తాగి, కిందికి దిగి, ఆ కొత్తమనిషిని ఎవరి కోసమని అడిగాను. ఏసీ బాగుచేయడానికి వచ్చాడట. రమ్మన్న ఫ్లాటువాళ్లు ఫోనెత్తక, వాచ్‌మన్ లోపలికి వదలక అరగంటగా ఎండలో నిలబడ్డాడట. వాచ్‌మన్‌తో మాట్లాడి అతన్ని పైకి పంపాను. ఆ తర్వాత ఫోను తెరిచి, పంపకుండా ఆపిన ఫొటో కింద నేను రాసిన మాట చూసుకున్నాను.

"వీడే."