పదిహేడో అంశం

ఒక మనిషి నాలుగు కాగితాలు రాసి, పై అధికారిని నెత్తి నుంచి మడమల దాకా బురదనీటిలో ముంచగలడా అని మీకు అనుమానం ఉంటే, నా పాత డైరీ చూపిస్తాను. ముంచగలడు. నేను ముంచాను.

ఆంధ్రప్రదేశ్ ఏర్పడి మూడేళ్లయినా నిండలేదు. ఇంజనీరింగ్ పట్టా మీద సిరా ఆరకముందే బెల్లంపల్లి వైపు ఒక బొగ్గు గనిలో చేరాను. ఆరు నెలల పరీక్షాకాలంలో తొమ్మిది రోజులు మిగిలాయి. మేనేజరుగారు సరేనంటే ఉద్యోగం ఖాయం. కాదంటే పెట్టె సర్దుకోవడమే.

గనిలో ఒక ఆచారం ఉండేది. షిఫ్టు మారేటప్పుడు పని ముగించినవాడు సంగతులు నోటితో చెప్పాలి. కొత్తగా దిగినవాడు వాటిని తిరిగి అప్పజెప్పాలి. నాకది పిల్లలు ఎక్కాలు వల్లించినట్టు తోచేది. పట్టభద్రుడికి తగినది లిఖితపూర్వక నివేదిక.

ఆనాడు రెండో పంపు గొట్టం అతుకు విప్పి ఉంది. నడిపితే నీరు గొట్టంలోకి పోదు, మనుషుల మీదికి వస్తుంది. ఇంతే సంగతి. దీన్ని ఇంగ్లీషులో పదకొండు వందల నలభై ఆరు మాటల్లో (తర్వాత రెండుసార్లు లెక్కపెట్టుకున్నాను) వివరించి, ఉదయం ఆరు గంటల యాభై నిమిషాలకు పంపు నడిపే రాజయ్య చేతిలో పెట్టాను.

“గిదంత ఎందుకు సారూ, జర నోటితోటి చెప్పుండ్రి.”

“అన్నీ అందులో ఉన్నాయి.”

“నాకు ఇంగిలీసు రాదు గద.”

“వచ్చినవారితో చదివించుకో,” అని పైకి వెళ్లి ఉప్మా తిన్నాను.

ఇంగ్లీషు వచ్చినవారు పది గంటలకు దిగారు. తెల్లని దుస్తుల్లో, తనిఖీ కోసం, సాక్షాత్తు మేనేజరుగారు. రాజయ్య నా నివేదికను ఆయనకే అందించాడు. మొదటి పుటలో పంపు పుట్టుపూర్వోత్తరాలు. రెండో పుటలో దాని శక్తిసామర్థ్యాలపై ప్రశంస. ఈలోగా నీరు బూట్లు దాటింది.

“నీళ్లు పెరుగుతున్నయ్ సారూ. రెండో పంపు చాలూ చెయ్యమంటరా?”

“భేషుగ్గా ఉందని రాశాడు. చెయ్యి.”

హెచ్చరిక మూడో పుటలో ఉంది, పదిహేడో అంశంగా.

పది గంటల ఇరవై నిమిషాలకు నన్ను కిందికి పిలిపించారు. మేనేజరుగారు దున్నపోతు కడిగిన గుంటలోంచి లేచినట్టున్నారు. చేతిలో తడిసిన మూడో పుట.

“ఇందులోని విషయం ఒక్క మాటలో చెప్పవయ్యా.”

“అయ్యా, ఈ పంపును నెలకొల్పిన నాటి పరిస్థితులను పరిశీలిస్తే...”

ఆయన కళ్లు మూసుకున్నారు. “రాజయ్యా, ఇప్పుడే చదివి చెప్పాను కదా. నువ్వు చెప్పు.”

“రెండో పంపు ముట్టద్దు సారూ.”

పరీక్షాకాలం మరో ఆరు నెలలు పెరిగింది. అదనంగా ఒక షరతు: రోజూ నేను సంగతి చెప్పాలి, రాజయ్య తృప్తి పడేదాకా పైకి రాకూడదు. మొదటి రోజు నలభై నిమిషాలు పట్టింది. “ఇంకా జర చిన్నగ, సారూ,” అంటూనే ఉన్నాడు.

కనుక ఆ బురదనీటి సాక్షిగా ప్రతిజ్ఞ చేస్తున్నాను: ఇకపై అసలు సంగతిని మొదటి వాక్యంలోనే చెబుతాను.

ఇదంతా నిన్న రాజయ్యకు చదివి వినిపించాను.

“మంచిగున్నది సారూ,” అన్నాడు. “గానీ గా ఒట్టు ముచ్చట ఆఖర్ల పెట్టిన్రేంది?”