బాపు దిక్కు అక్షరాలు

నారాయణపేట చీర కట్టుకుని వచ్చి, "మీది ఆ ఊరేనటగా, ఎంత అదృష్టమండీ, ఆ కళ మధ్యలో పెరిగారు" అనేవాళ్లు నాకు అప్పుడప్పుడూ తగులుతుంటారు. పాపం, వాళ్ల తప్పేమీ లేదు. అయినా నాకు ఒళ్లు మండుతుంది. మేం కళ మధ్యలో పెరగలేదు, మగ్గం పోగా మిగిలిన జాగాలో పెరిగాం. మా ఇంట్లో ముందుగది మొత్తం గుంటమగ్గానిదే. దానికీ గోడకూ మధ్య ఒక చాప పట్టేంత చోటుండేది. నేను చదువు నేర్చుకున్నది ఆ చాప మీద.

ఎనభైల మొదట్లో సంగతి. నన్ను ఒకటో తరగతిలో వేశారో లేదో, జ్వరం పట్టుకుంది. పొద్దుగూకితే ఒళ్లు కాలిపోవడం, మెడ పక్కన గడ్డలు, అన్నం ముద్ద చూస్తే ఏడుపు. ఊళ్లో మందులూ తాయెత్తులూ అన్నీ అయ్యాక బాపు, మా నాన్న, నన్ను బస్సులో పాలమూరు దవాఖానకు తీసుకుపోయాడు. అక్కడ క్షయ అని తేల్చారు. చాలా నెలలు మందులు మింగాలి, అన్నాళ్లూ బడికి పంపొద్దు అన్నారు. డాక్టరు ఇంకో మాట కూడా చెప్పాడు.

"పిల్లకు ఇంట్ల ఎవరిదో అంటుకొని ఉంటది. పెద్దోళ్లందరు పరీక్ష చేయించుకోవాలె."

బాపు తలూపాడు. "గీ పడుగు దిగినాక వస్త సారూ" అన్నాడు.

పడుగంటే మగ్గం మీద పొడుగ్గా సాచి కట్టిన దారాలు. అవి నేసి అయిపోతే పడుగు దిగినట్టు. మా వీధిలో అందరూ కాలాన్ని అట్లాగే కొలిచేవాళ్లు. పెళ్లిచూపులకు వెళ్లాలన్నా, పన్ను పీకించుకోవాలన్నా, పడుగు దిగినాకే.

బడి మానేసిన ఆడపిల్లకు మా ఇళ్లలో ఒకటే పని. రాట్నం ముందు కూర్చుని నేతకు నూలు కండెలు చుట్టడం. దవాఖాన నుంచి వచ్చిన మర్నాడే అవ్వ, అంటే మా బాపు తల్లి, అటక మీది పాత రాట్నం దింపి తుడవడం మొదలుపెట్టింది.

"ఇగ దీనికి బడెందుకురా. కూసున్నకాడ కండెలన్న సుట్టుకుంటది" అంది.

పడుగులోంచి అడ్డదారం విసిరే నాడెను బాపు ఆపలేదు. "దానికి సదువు నేను జెప్త. బాగైనంక రెండో తరగతిల కూసుంటది. హెడ్‌మాస్టర్‌తోని మాట్లాడిన" అన్నాడు.

హెడ్‌మాస్టర్ చెప్పింది ఇదీ: తిరిగొచ్చిన రోజు పిల్ల చదివి, రాసి చూపిస్తే రెండో తరగతి. లేకపోతే మళ్లీ ఒకటి. మళ్లీ ఒకటి అంటే మా అవ్వ లెక్కలో రాట్నమే. ఆ సంగతి బాపుకు తెలుసు, నాకూ తెలుసు. అందుకే ఆ రాట్నాన్ని అటక ఎక్కించకుండా అవ్వ నా కళ్లెదురుగానే ఉంచింది.

బాపు చదివింది నాలుగో తరగతి దాకానే. పంతులుగా మహా కోపిష్టి, మహా వేళాకోళగాడు. పొద్దున దారాలకు గంజి పట్టించే పని అయ్యాక గుంటలో కాళ్లు పెట్టి కూర్చునేవాడు. కాళ్లు తొక్కుడు చెక్కల మీద, చేతులు నాడె మీద, నోరు నా మీద. చాప మీద ఆయనకు ఎదురుగా, గోడకు వీపు ఆనించి నేను. మధ్యమధ్య పక్కకు వంగి సుద్దముక్కతో నేల మీద ఒక అక్షరం గీసేవాడు. నేను దాన్ని చూసి పలక మీద దిద్దేదాన్ని. తిరిగి వంగి చూసి, "నీ 'గ' కల్లు తాగినట్టున్నది, నిలవెట్టు" అనేవాడు. తలకట్టు మర్చిపోతే, "దానికి సలి వెడ్తలేదా? నెత్తి మీద రుమాలు కట్టు" అనేవాడు.

నాకొక అనుమానం ఉండేది. ఒకరోజు అడిగేశాను.

"బాపూ, కింద వెట్టేదాన్ని తలకట్టు అంటరెందుకు?"

నేను పరాచికాలాడుతున్నాననుకుని పగలబడి నవ్వాడు. నవ్వు దగ్గులోకి దిగింది. చాలాసేపు దగ్గి, తువ్వాలుతో నోరు తుడుచుకుని, "గిది నన్నే ఆట పట్టిస్తాంది" అని అమ్మతో చెప్పాడు. నేను నిజంగానే అడిగానని ఆ ఇంట్లో ఎవరికీ తట్టలేదు.

ఆయన దగ్గు ఎవరికీ వింత కాదు. మా వీధిలో దగ్గని మగమనిషి లేడు. నూలు పొట్టు గొంతులో పడుతుంది, దగ్గొస్తుంది, బెల్లంముక్క చప్పరిస్తే పోతుంది. అంతే. డాక్టరు మాట మర్చిపోనిది అమ్మ ఒక్కతే. "జర నువ్వు గూడ సూపించుకోరాదు" అని గునిసేది. "దిగనీ, దిగనీ" అనేవాడు బాపు.

నేను కూడా ఆ పడుగు దిగే రోజు కోసం చూశాను. బాపుకు సెలవొస్తుంది, నన్ను కూడా బస్సెక్కిస్తాడు అని నా ఆశ. కానీ నేతవాళ్ల ఇంట్లో ఒక పద్ధతుంది. పడుగు కొసకొచ్చేసరికి, పాత దారాల చివర్లను మగ్గం మీదే ఉంచి, కొత్త పడుగు పోగుల్ని వాటికి ఒక్కొక్కటే అతికిస్తారు. అట్లా చేస్తే మగ్గానికి దారాలన్నీ మళ్లీ మొదటినుంచీ ఎక్కించే పని తప్పుతుంది. ఆ అతుకు వేసేది అమ్మ. వేళ్లకు బూడిద రాసుకుని, మగ్గం వెనక కూర్చుని, పొద్దంతా పోగూ పోగూ మెలితిప్పేది. సాయంత్రానికి బాపు మళ్లీ నాడె వేసేవాడు. అంటే మా ఇంట్లో పడుగు ఎప్పుడూ దిగేదే కాదు. ఇంత చిన్న విషయం ఆ ఇంట్లో పెద్దవాళ్లెవరికీ తెలియదా అని నాకు ఇప్పటికీ కోపమొస్తుంది. తెలుసు. తెలిసే అన్నారు.

నాకు నయమైంది. బుగ్గలొచ్చాయి. వాచకం గడగడా చదివేస్తున్నాను. బాపు చొక్కా తొడుక్కుని నన్ను బడికి తీసుకుపోయాడు. హెడ్‌మాస్టర్ మేజా అవతల కూర్చుని, పలక నా ముందుకు తోసి, "మీ ఊరి పేరు రాయమ్మా" అన్నాడు. రాశాను. నేను రాస్తుంటే ఆయన అటువైపు నుంచి కూడబలుక్కున్నట్టు చదువుతూ వచ్చాడు. చివరి అక్షరం అయ్యాక పలకను తనవైపు తిప్పుకోబోయి ఆగిపోయాడు.

"ఇదేందయ్యా," అన్నాడు బాపుతో, "నీ బిడ్డ నా దిక్కు రాసింది. తనకు తలకిందులు, నాకు సక్కగ."

గుమ్మం దగ్గరున్న బాపు లోపలికొచ్చి చూశాడు. ఆయన మొహం పాలిపోవడం నాకు బాగా గుర్తు. నెలల తరబడి ఆయన తనకు కనిపించినట్టు గీశాడు, ఎదురుగా కూర్చున్న నేను నాకు కనిపించినట్టు నేర్చుకున్నాను. నేలమీద అక్షరాలే కాదు, వాచకం కూడా ఆయన వైపే తెరిచి ఉండేది. నేను రాసిందల్లా ఆయనకు సవ్యంగా కనిపించింది, ఆయన మెచ్చుకున్నాడు. ఇద్దరం సంతోషంగా ఉన్నాం.

"తప్పు నాదే సారూ. దాన్ని ఏమనకుండ్రి" అన్నాడు.

"సదువైతె వచ్చింది గదా. దిక్కుదేముంది, మెల్లగ తిరుగుతది" అని హెడ్‌మాస్టర్ నన్ను రెండో తరగతిలో కూర్చోబెట్టాడు. ఆయనకు ఇప్పటికీ మనసులో దండం పెట్టుకుంటాను.

ఆ సాయంత్రం బాపు వీధి వీధంతా ఆపి చెప్పాడు, తన బిడ్డ తలకిందులుగా రాసి పాసైందని. చెప్పి నవ్వడం, నవ్వి దగ్గడం. తువ్వాలు మీద ఎర్రగా పడింది. పాన్ తిన్నాడనుకున్నాను నేను. మర్నాడు ఆ తువ్వాలు ఉతకబోయి అమ్మ బావి దగ్గరే కూలబడింది. ఈసారి పడుగు మాట ఎత్తనివ్వలేదు. సగం నేసిన చీరను మగ్గం మీదే వదిలి ఆయన్ని బస్సెక్కించింది.

పాలమూరు దవాఖానలో డాక్టరు బాపును గుర్తుపట్టాడు. తిట్టాడు కూడా. మందులిచ్చారు, సూదులిచ్చారు. కానీ అప్పటికే రెండు పక్కలా ఊపిరితిత్తులు పాడయ్యాయట. నాకు మందులు వేళ తప్పకుండా మింగించిన మనిషి, అవే మందులు తనకూ కావాలని తెలుసుకోవడానికి బస్సెక్కలేదు. ఇది ఎన్నిసార్లు తలచుకున్నా నాకు మింగుడుపడదు.

ఒక ఆదివారం బాపు అన్న, మా పెదబాపు, నన్ను దవాఖానకు తీసుకుపోయాడు. బాపు మంచం కాళ్లవైపు ఎక్కి, పలక ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాను, ఇంట్లో చాప మీద కూర్చున్నట్టే. బడిలో నేర్పిన కొత్త మాటలు ఆయన దిక్కు రాసి చూపించాను. కాసేపు చూశాడు.

"నీ దిక్కు తిప్పి రాయి బిడ్డా" అన్నాడు.

"నీకు కనవడది గద."

"నాకెందుకు. ఇగ నువ్వే సదువుకోవాలె."

నేను మూతి ముడుచుకుని మళ్లీ ఆయన దిక్కే రాశాను. ఆ మాట ఎందుకన్నాడో నాకు అర్థం కావడానికి వారం కూడా పట్టలేదు.

కర్మలన్నీ అయ్యాక పెదబాపు కత్తి పట్టుకుని ముందుగదిలోకి వచ్చాడు. నేసినంత గుడ్డా, మిగిలిన దారమూ, నూలిచ్చి నేయించుకునే సేటుకు తిరిగి అప్పజెప్పాలి. పడుగుకు అడ్డంగా కోశాడు. బిగుసుకున్న దారాలు ఒక్కసారి వదులై నేలమీద పడ్డాయి. మగ్గం బోసిపోయి కనిపించింది. నేను పుట్టాక దాన్ని అట్లా చూడడం అదే మొదలు.

"పడుగు దిగింది" అన్నాడు పెదబాపు, మామూలుగా, పనివాడు అన్నట్టు.

అమ్మ అప్పటిదాకా ఏడవలేదు. వచ్చినవాళ్లందరూ ఆమెను ఏడిపించాలని చూసి ఓడిపోయారు. పెదబాపు వెళ్లాక ఆమె వచ్చి గుంటలో కాళ్లు పెట్టుకుని బాపు కూర్చునే చోట కూర్చుంది. దారాలు అతికించిన వేళ్లను ఒళ్లో పెట్టుకుని చూసుకుంటూ ఉంది. ఏం చేయాలో తోచక నేను చాప మీద నా చోట్లో కూర్చుని పలక మీద రాయడం మొదలుపెట్టాను.

"ఏం రాస్తున్నవ్ బిడ్డా?" అంది. అమ్మకు చదువు రాదు.

"బాపు అని."

వంగి చూసింది. ఆయన వంగినట్టే.

"సక్కగ రాసినవా?"

"నీ దిక్కు సక్కగనే ఉన్నదమ్మా" అన్నాను.

అప్పుడు ఏడ్చింది.