దిగుడు మలుపు దగ్గర దిగకుండా

మా ఊరికి జీపులో వెళ్ళేవాళ్ళు దారిలో ఒకచోట దిగాలి. చింతపల్లి నుంచి కాఫీ తోటల మీదుగా వచ్చే రోడ్డు అక్కడ మోచేతిలా వంగి, ఒక్కసారిగా పైకి లేస్తుంది. దాని పేరే దిగుడు మలుపు. ఎవరూ చెప్పక్కర్లేదు. బండి నెమ్మదించగానే మూటలు జీపులోనే వదిలేసి, పిల్లల్ని చంకనేసుకుని జనం దిగి నడుస్తారు. ఒక్కరు మాత్రం వెనక చక్రానికి బాగా దగ్గరగా, చేతిలో మద్దిచెక్క దిమ్మ పట్టుకుని నడవాలి. బండి వెనక్కి జారబోతే ఆ దిమ్మ చక్రం కింద పెట్టాలి. చూడటానికి చిన్న పనిలానే ఉంటుంది కానీ, అందరి చేతికీ ఇవ్వరు.

నేను స్టీరింగు పట్టినప్పటి నుంచి ఆ పని ఒకావిడదే. నాకు వరసకు అత్త. అడవిలో తేనె దింపుకొచ్చాక మైనం కరిగించి, ముద్దలు చేసి చింతపల్లి సంతలో అమ్మేది. దిమ్మ చేతిలో ఉన్నంతసేపూ ఆవిడ మాటే చెల్లాలి. ‘ఆపు’ అంటే ఆపాలి, ‘పోనీ’ అంటే పోనివ్వాలి. నాకు కోపం ముక్కు మీద ఉంటుందని ఊరంతా అంటారు గానీ, ఆవిడ ముందు నా నోరు పెగిలేది కాదు.

అలాంటి మనిషికి మోకాళ్ళు పోయాయి. మలుపు నడిచి ఎక్కలేక సంతకు రావడం మానేసింది. మా దగ్గర సంతకు రాని మనిషంటే మంచాన పడ్డ మనిషే. నేను ఇంటికెళ్ళి, నువ్వు జీపులోనే కూర్చో అత్తా, మిగతావాళ్ళు దిగుతారు, అన్నాను. ఆవిడ నన్ను ఎగాదిగా చూసింది.

“అందరూ నడుత్తంటే నానొక్కదాన్నే దొరసానినాగ కూకుంటానేట్రా? ఎక్కితే అందరితోటి ఎక్కుతాను. నేదంటే నేదు.”

అందరితో కలిసి కూర్చుని ఆ మలుపు ఎక్కాలంటే నా జీపు వల్ల అయ్యే పని కాదు. అది నాకంటే పాతది. దాని పెట్రోలు ఇంజను అప్పటికే పొగ తప్ప బలం లేని స్థితికొచ్చింది. ఆ వానాకాలంలోనే ఒకరోజు సరిగ్గా మలుపు నడుమ పెద్ద చప్పుడు చేసి ఊరుకుంది. దాన్ని తుక్కుకి వేసెయ్యమని చెప్పినవాళ్ళే గానీ బాగుచెయ్యమన్న వాళ్ళు లేరు. అప్పుడే నాకు పంతం పుట్టింది. ఈ బండికి వేరే ఇంజను పెట్టిస్తాను, అత్తను అందరితో పాటు కూర్చోబెట్టి మలుపు ఎక్కిస్తాను అని నలుగురి మధ్యా అనేశాను. అన్నాక వెనక్కి తీసుకునే అలవాటు నాకు లేదు.

బండిని చింతపల్లిలో ఒక మేస్త్రి షెడ్డుకు లాగించాను. ఆయన నర్సీపట్నం వైపు మనిషి. చేతిలో పని ఉంది, నోటిలో అంతకంటే ఎక్కువ మాట ఉంది. మూలపడ్డ ఒక వ్యాను నుంచి డీజిల్ ఇంజను, దాని గేరు బాక్సుతో సహా తెచ్చిపెట్టాడు.

“రెండూ కలిపి ఎక్కించీద్దాం బావా. బేగి అయిపోద్ది,” అన్నాడు.

“మరి నా పాత గేరు బాక్సు?”

“దాంతో పనేటి? పారీ!”

నాకు ఒళ్ళు మండిపోయింది. కొండ ఎక్కే శక్తంతా ఆ పాత గేరు బాక్సు వెనకే ఉంది. ముందు చక్రాలకు కూడా బలం పంచే పెట్టె, దాన్ని కలిపే ఫోర్ వీల్ కర్ర, దానికే బిగించి ఉంటాయి. గేరు బాక్సు మారిస్తే ముందు చక్రాలు ఊరికే దొర్లుతాయి తప్ప లాగవు. కింద చదును రోడ్డు మీద ఊరేగడానికైతే ఆయన చెప్పినట్టే చెయ్యొచ్చు. నాకు కావలసింది దిగుడు మలుపు. షెడ్డు బయట టీ కొట్టు దాకా వినిపించేలా వాదించుకున్నాం. చివరికి ఆయనే చేతులెత్తేసి, కొత్త ఇంజనూ పాత గేరు బాక్సూ కలపడానికి ఒప్పుకున్నాడు.

ఒప్పుకున్నాక తెలిసింది, ఆ రెంటికీ పొత్తు ఎక్కడా కుదరదని. ఇంజను బలాన్ని గేరు బాక్సుకు అందించేది క్లచ్ ప్లేటు. దాని అంచు కొత్త ఇంజనుకు సరిపోవాలి, నడిమి పళ్ళు పాత గేరు బాక్సు షాఫ్టు మీద కూర్చోవాలి. అలాంటి ప్లేటు ఎక్కడుందో ఎవరికీ తెలియదు. మేస్త్రి ఆ షాఫ్టు విప్పి నా చేతికిచ్చాడు. దాన్ని గోనెసంచిలో చుట్టుకుని కొండ దిగాను. నర్సీపట్నంలో, ఆ తర్వాత విశాఖపట్నంలో, పాత సామాను దుకాణాలన్నీ తిరిగాను. గాజుల కొట్టులో కొత్త పెళ్ళికూతురి చేతికి గాజులు తొడిగి చూసినట్టు, దొరికిన ప్లేటునల్లా ఆ షాఫ్టుకు తొడిగి చూశాను. కొన్ని లోపలికి దూరలేదు, కొన్ని గలగలలాడాయి. దుకాణాల వాళ్ళు నన్ను పిచ్చివాడిలా చూశారు. నాకేం సిగ్గనిపించలేదు.

చివరికి ఒక ముసలాయన కొట్టులో, టైర్ల వెనక నుంచి తీసిన ప్లేటు ఒకటి షాఫ్టు మీదకు మెత్తగా జారి కూర్చుంది. అంచు కొలిచాను, సరిపోయింది. అక్కడే గట్టిగా ఈల వేశాను. దాన్ని కొనుక్కుని, ఒళ్ళో పెట్టుకుని బస్సెక్కాను.

అంతా అయిపోయిందనుకున్నాం. షాఫ్టు మళ్ళీ గేరు బాక్సులో బిగించి, ఆ బాక్సును తోసి ఇంజనుకు ఆనిస్తే గోరు దూరేంత సందు మిగిలింది. ఎంత తోసినా పూడదు.

“బోల్టులు బిగించీ బావా, అదే లాక్కుంటాది,” అన్నాడు మేస్త్రి స్పానరు అందుకుంటూ.

“ముట్టుకున్నావంటే చెయ్యి విరుగుద్ది!” అని అరిచాను.

ఎందుకు అరిచానో నాకే స్పష్టంగా తెలియదు. ఆ సందు ఊరికే మిగల్లేదని మాత్రం అనిపించింది. లోపల ఏదో దేనికో అడ్డుపడుతోంది. కంటికి కనబడదు, వేలు పెట్టి తడమడానికి వీల్లేదు. విసుగ్గా సామాన్ల పెట్టె కెలుకుతుంటే మైనం ముద్ద చేతికి తగిలింది. జీపు పైకప్పు పరదా కుట్టే దారానికి రాసుకోమని అత్త ఇచ్చింది. మా ఇళ్ళలో కుండకు చిల్లు పడినా మైనమే పెడతాం. వేలితో నొక్కితే నొక్కిన లోతు ఉన్నదున్నట్టు చూపిస్తుంది.

ముద్దను అరచేతిలో మెత్తగా నలిపాను. షాఫ్టు కొస వెళ్ళి కూర్చునే చిన్న గుంట ఇంజను నడిమధ్య ఉంటుంది. అందులో మైనం కూరాను. గేరు బాక్సు మళ్ళీ తోసి, వెనక్కి లాగి చూశాం. గుంట అడుగున మైనం పూర్తిగా పక్కలకు పోయి ఇనుము మెరుస్తోంది. షాఫ్టు కొస అడుక్కి గుద్దుకుంటోందన్న మాట. బోల్టులు బిగించి ఉంటే ఏదో ఒకటి పగిలి తీరేది. మేస్త్రి స్పానరు కింద పెట్టి నెత్తి గోక్కున్నాడు. తర్వాత నా వీపు మీద ఒక్కటి చరిచాడు. ఆ దెబ్బ నాకు సన్మానంలా అనిపించింది.

లేత్ షాపులో ఆ సందుకంటే కాస్త మందంగా ఒక ఇనుప కడియం కోయించి, ఇంజనుకూ గేరు బాక్సుకూ నడుమ పెట్టాం. మళ్ళీ మైనం కూరి చూస్తే, ఈసారి గుంట అడుగున పలచని అట్టులా మిగిలింది. అంటే షాఫ్టు కొస ఇక దేనికీ తగలదు. మైనం శుభ్రంగా తుడిచేసి చివరిసారి కలిపాం. బోల్టులు ఉత్త వేళ్ళతో తిప్పినా లోపలికి వెళ్ళిపోయాయి. ఇంజనూ గేరు బాక్సూ కలిసిన చోట గోరు దూర్చి చూశాను, దూరలేదు. మేస్త్రితో కూడా దూర్పించి చూశాను.

సంత రోజు వచ్చింది. పొద్దున్నే ఇంటికి మోటారు సైకిలు మీద మనిషిని పంపి అత్తను సంతకు రప్పించాను. సంత ముగిశాక జీపు నిండా జనం, పైన మూటలు, నా పక్కన మేస్త్రి. అత్త వెనక సీటు చివర, ఒళ్ళో దిమ్మతో కూర్చుంది. ఈరోజు ఎవరూ దిగకూడదని బయల్దేరేముందే అందరికీ గట్టిగా చెప్పాను. మలుపు ముందు ఆగి ఫోర్ వీల్ కర్ర వేస్తుంటే, బండి ఒక్కసారిగా తేలికై పైకి లేచినట్టయింది. వెనక్కి తిరిగి చూస్తే సీట్లు ఖాళీ! అందరూ రోడ్డు మీద, మామూలుగా నడక మొదలెట్టేశారు. అత్త ఒక కాలు లోపల, ఒక కాలు బయట పెట్టుకుని మూలుగుతోంది.

“ఎవుడు దిగమన్నాడు మిమ్మల్ని? ఎక్కండెహె!” అని గొంతు చించుకున్నాను.

“అలవాటైపోనాది మావా,” అని నవ్వుకుంటూ ఒక్కొక్కరే మళ్ళీ ఎక్కారు. అత్తను ఇద్దరు పట్టుకుని లోపల కూర్చోబెట్టారు.

మొదటి గేరులో క్లచ్ వదిలాను. ఇంజను గొంతు మారింది కానీ తడబడలేదు. మలుపు నడుమ, పాత ఇంజను పోయిన చోటే, వెనక చక్రం గులకరాళ్ళ మీద జారింది.

“దిమ్మ ఎయ్యనా?” వెనక నుంచి అత్త కేక.

“కూకో అత్తా!”

ముందు చక్రాలు నేలను పట్టాయి. పట్టి లాగాయి. జీపు జనంతో, మూటలతో, మిరియాల బస్తాలతో ఆ కొండను ఎక్కుతూనే పోయింది. పైకి రాగానే వెనక నుంచి లేచిన అరుపులకు నా చెవులు గింగురుమన్నాయి. మేస్త్రి డాష్‌బోర్డు మీద డప్పు వాయించాడు. ఊరు చేరేదాకా నేను హారను మీద నుంచి చెయ్యి తియ్యలేదు. ఏం చేసుకుంటారో చేసుకోండి, అంత సంతోషం నాకు ఎప్పుడూ కలగలేదు.

తర్వాతి సంతకు బయల్దేరుతూ సీటు కింద దిమ్మ కోసం వెతికాను. లేదు. మలుపుకి కాకపోయినా, బండి నిలిపినప్పుడు చక్రానికి అడ్డం పెట్టుకోవాలి కదా. నేరుగా అత్త ఇంటికెళ్ళాను. ఆవిడ పొయ్యి దగ్గర మైనం కరిగిస్తోంది. ఆ దిమ్మ మీదే కూర్చుని ఉంది.

“అది నా బండిది అత్తా. ఇచ్చీ.”

ఆవిడ లేవలేదు. తెడ్డుతో మైనం కలుపుతూ నా వైపు చూసి నవ్వింది.

“నీ బండికి దిమ్మెందుకురా ఇంక? రాయెట్టుకో.”

రాయే పెట్టుకుంటున్నాను.