జేబు రుమాలులో తెల్ల పురుగులు

తొమ్మిదేళ్లుగా ఒక జేబు రుమాలును పారేయలేకపోతున్నాను. ఉతికి, మడిచి, అంగట్లో చీరల బీరువా అడుగున పెట్టాను. బీరువా తెరిచినప్పుడల్లా చూపు అటే పోతుంది. పారేస్తే సరిపోయేది కదా? ఎందుకు దాచినట్టు? ఈ ప్రశ్నతో నన్ను నేనే విసిగించుకొని, విసిగించుకొని, ఇక నావల్ల కాక, ముక్కూ మొహం తెలియని మీకు చెబుతున్నాను. మీరు జవాబు చెప్పనక్కర్లేదు. వింటే చాలు.

మాది ధర్మవరం. పట్టుచీరల అంగడి. పట్టుతో బతుకుతామన్న మాటే గానీ పట్టుపురుగు గురించి మాకేమీ తెలియదు. దారం ఇంటికొచ్చాకే మా లోకం మొదలవుతుంది. ఇది నా అమాయకత్వం చూపించుకోవడానికి చెప్పడం లేదు. ఇన్నేళ్లూ నాకు నేను చెప్పుకున్న సాకు ఇదే, అందుకని ముందే బయట పెడుతున్నాను.

తొమ్మిదేళ్ల కిందట కొంతమంది వ్యాపారులం కలిసి చైనా పోయాం. పట్టు మిల్లులు చూద్దామని బయలుదేరినవాళ్లం, గైడు మాట విని వింత ఫారాలన్నీ తిరిగాం. ఒకచోట కొమ్ముల కోసం జింకలను మేపుతున్నారు. ఇంకోచోట గంపల్లో టమోటాలు పోసినట్టు పాములు. ఎక్కడికి పోయినా మాది ఒకటే పని, ఫోటో తీసి వాట్సాప్ గ్రూపులో పెట్టడం. అందరికంటే వింతైన ఫోటో నాదే కావాలని నాకు పట్టుదల. యాభై దాటిన మనిషికి ఈ యావ ఏమిటి? తలచుకుంటే ఇప్పుడు ఒళ్లు మండుతుంది.

చివరి రోజు ఒక పట్టుపురుగుల ఫారం చూపించారు. అక్కడ పురుగును గూడు కట్టనివ్వరు. కావాలనే ఒక బూజు జబ్బు అంటిస్తారు. పురుగు చచ్చి, సుద్దముక్కలా తెల్లగా బిగుసుకుపోతుంది. దాన్ని మందుల్లో వాడతారట. దేన్నీ ముట్టుకోవద్దని గైడు రెండుసార్లు చెప్పాడు. బయటికొచ్చేవాళ్ల చేతులకూ కాళ్లకూ మందు కొడుతుంటే నేను పక్కనుంచి జారుకున్నాను. అప్పటికే నాలుగు పురుగులు నా రుమాలులో ఉన్నాయి.

మా అక్కను పెనుకొండ దగ్గర ఒక పల్లెలో ఇచ్చాం. బావ పట్టుపురుగులు మేపి, గూళ్లను హిందూపురం మార్కెట్టుకు తోలుతాడు. చైనా నుంచి వచ్చిన మర్నాడే వాళ్లింటికి పోయాను. ముసురు పట్టిన రోజులు. బావ మల్బరీ తోటలో ఉన్నాడు. పురుగులింట్లో ఎవరూ లేరు.

ఆ ఇంటికి ఒక కట్టుబాటు ఉంది. వాకిట్లో నీళ్ల తొట్టి, గడప దగ్గర సున్నం. కాళ్లు కడుక్కొని సున్నం తొక్కనిదే బావ కూడా లోపలికి పోడు. నేను బూట్లతో పోయాను. ఆ ఫారంలో తిరిగిన బూట్లే. తట్టలో ఆకు తింటున్న పురుగుల నడుమ నా తెల్ల పురుగులను పెట్టి, అటు జరిపి, ఇటు జరిపి, ఫోటోలు తీసుకున్నాను.

ఎవరో వచ్చిన అలికిడికి కిటికీలోంచి చూశాను. తొట్టి దగ్గర నారాయణమ్మ కాళ్లు కడుక్కుంటోంది. అప్పటికి పన్నెండేళ్లుగా బావ దగ్గర పురుగులకు మేత వేసే మనిషి. ఆమెది చలవ చెయ్యి అని, ఆమె మేపిన పంట పోదని చుట్టుపక్కల పేరు. తలలో పువ్వు కూడా తీసి బయట గోడ గూట్లో పెట్టి, పురుగులింటి కోసమే ఉంచుకున్న చీర కట్టుకొని లోపలికి వచ్చేది.

"అన్నా, కాళ్లు కడుక్కొనే పోయినావా?" అని కిటికీలో నన్ను చూసి బయటినుంచి కేకేసింది.

"కడుక్కున్న్యాలేమ్మా!" అన్నాను, తెల్ల పురుగులను మళ్లీ రుమాలులో మడుస్తూ.

పది రోజులకు అక్క ఫోన్లో ఏడ్చింది. పోయి చూశాను. రేపో మాపో గూడు కట్టవలసిన పురుగులు తట్టల నిండా తెల్లగా, కట్టెల్లా పడి ఉన్నాయి. చూడగానే నాకు తెలిసింది. తెలియలేదని చాలా కాలం అనుకుంటూ వచ్చాను. నేను గ్రూపులో పెట్టిన ఫోటోలో ఉన్నవీ అచ్చం ఇలాంటి తెల్ల పురుగులే అయితే, ఎలా తెలియకుండా ఉంటుంది?

బావ నారాయణమ్మ మీద విరుచుకుపడుతున్నాడు.

"కనగానపల్లిలో నీ చెల్లెలింటికి పోయింటివి కదా? వాళ్లూ పురుగులు మేపుతాండారు. ఆడ్నుంచే తెచ్చినావు ఈ సున్నపు రోగం!"

"పోయింటి సామీ. వచ్చినాక నీళ్లు పోసుకోకుండా యాపొద్దన్నా లోపలికి వచ్చినానా?"

"మరి యాడ్నుంచి వచ్చె? నా పురుగులేమన్నా మా బామ్మర్ది మాదిరి చైనాకు పోయొచ్చినాయా?"

ఆమె నా వైపు తిరిగింది. "అన్నా, ఆ పొద్దు నువ్వు ఈడనే ఉండావు. నేను తొట్టికాడ కాళ్లు కడుక్కుంటాంటే సూసినావు కదా. చెప్పన్నా."

"నేను సరిగ్గా సూడలేదమ్మా," అన్నాను.

మూడు మాటలు. పురుగులను తెలియక చంపాననే అనుకుందాం, గైడు చెప్పింది చెవికెక్కలేదనే అనుకుందాం, కానీ ఈ మూడు మాటలు కూడా తెలియక అన్నవేనా? బావ కోపానికి భయపడ్డానా? అక్క ముందు పరువు పోతుందనా? ఏ కారణం వెతికినా అది ఆమె బతుకు కంటే చిన్నదే. ఇంత చిన్న కారణానికి అంత పని చేశానా అని చిరాకు, అంతకంటే పెద్ద కారణం దొరకదే అని ఇంకా చిరాకు.

బావ మరుసటి పంటకు కోలుకున్నాడు. నారాయణమ్మ కోలుకోలేదు. చలవ చెయ్యి అన్న నోళ్లే సున్నపు చెయ్యి అన్నాయి. ఆ చుట్టుపక్కల ఏ పురుగులింటికీ ఆమెను మళ్లీ పిలవలేదు.

పోయిన నెల పెనుకొండ బస్టాండు దగ్గర హోటల్లో గిన్నెలు తోముతూ కనిపించింది. నన్ను చూసి నవ్వింది. చేతులు తుడుచుకుంటూ వచ్చి, అక్క బాగుందా అని అడిగింది. తర్వాత పురుగుల గురించి అడిగింది. చివరికి తనే అంది: "ఆ పొద్దు నేనే సరిగ్గా కడుక్కోలేదేమో అన్నా. యాడో మరిచిపోయింటా."

తొమ్మిదేళ్లలో నా అబద్ధాన్ని ఆమె కూడా నమ్మేసింది. నేను నోరు తెరిచాను. ధర్మవరం బస్సు వచ్చింది. ఎక్కేశాను. ఏనాడూ వేళకు రాని బస్సు ఆ రోజే వేళకు రావాలా? లేదు, బస్సును తిట్టి ఏం లాభం. ఎక్కిన కాళ్లు నావి.

బావకు ఇంకా చెప్పలేదు. ఆమెకూ చెప్పలేదు. మీకు చెప్పడం సులువు, మీరు నా మొహం చూడరు. దీన్ని క్షమించమని అడిగే హక్కు నాకు లేదు, క్షమించగలిగింది మీరూ కాదు. కానీ ఆ రోజు చెప్పవలసిన మాటను ఒక్కసారైనా ఉన్నదున్నట్టు రాసి చూడాలి. రాస్తున్నాను.

నారాయణమ్మ ఆ పొద్దు కాళ్లు కడుక్కుంది. నేను సరిగ్గానే చూశాను.